ఫిలడెల్ఫియాలో వడ్రంగుల హాలు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఫిలడెల్ఫియాకి తక్కువ ఖర్చులో వెళ్లే దారి మనవాళ్లందరికీ తెలిసిందే. ట్రెంటన్ దాకా ఎన్‌జే ట్రాన్సిట్ రైలు, అక్కడ దిగి సెప్టా వాళ్ల లోకల్ రైలు. దూరపు రైలు ఆమ్‌ట్రాక్ ఎక్కితే టైము కలిసొస్తుంది కానీ, నలుగురికి టికెట్లు చూశాక ఆ ఆలోచన మానేశాం. అది 2019 అక్టోబరు. అమ్మా నాన్నా వచ్చి అప్పటికి మూడు నెలలు. నయాగరా, వాషింగ్టన్, టైమ్స్ స్క్వేర్ అన్నీ అయిపోయాయి. ఎక్కడికి తీసుకెళ్లినా నాన్న "బాగుందిరా" అని ఊరుకునేవాడు. ఆ మాట వినీ వినీ నాకు లోపల దిగులుగా ఉండేది. ఇంత దూరం రప్పించి ఆయన మనసుకి పట్టేది ఒక్కటీ చూపించలేకపోయానే అని.

నాన్న తెనాలి దగ్గర మా పల్లెలో నలభై ఏళ్లు వడ్రంగి పని చేశాడు. ఊళ్లో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ ఆచారే.

ఆ రోజు పొద్దున అంతా చికాకే. ఇండిపెండెన్స్ హాల్ టికెట్లు అయిపోయాయి. లిబర్టీ బెల్ దగ్గర లైను వీధి చివరిదాకా ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పి. మంచినీళ్ల సీసా రెండున్నర డాలర్లు అంటే అమ్మ దాన్ని మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని తాగనంది. ఇక స్టేషన్‌కి వెళ్దామనుకుంటూ చెస్ట్‌నట్ స్ట్రీట్ మీద నాలుగో వీధి దాటాం. అక్కడ రోడ్డుకి కాస్త లోపలగా, రాళ్లు పరిచిన సందు చివర ఎర్రిటుకల భవనం ఒకటి కనిపించింది. కార్పెంటర్స్ హాల్. ప్రవేశం ఉచితం.

"వడ్రంగుల సంఘం వాళ్లు కట్టుకున్నదట నాన్నా" అన్నాను. మూడు నెలల్లో మొదటిసారి నాన్న నాకంటే ముందు నడిచాడు.

లోపలికి పోకుండా గోడ దగ్గరే ఆగిపోయాడు. ఇటుకల వరస చూపించి, "ఒకటి పొడుగు, ఒకటి తల. మళ్లీ పొడుగు, మళ్లీ తల. ఎక్కడా తప్పలేదు చూడు" అన్నాడు. వేలితో ఒక వరస చివరిదాకా వెళ్లాడు. భవనం నాలుగు మూలలూ లోపలికి నొక్కేసినట్టుంటాయి, పైనుంచి చూస్తే కూడిక గుర్తులాగా. "మూలలు పెరిగితే పని పెరుగుద్ది. తెలిసే పెట్టుకున్నారు" అన్నాడు.

లోపల అంత జనం లేరు. తెల్ల మీసాల పెద్దాయన ఒకాయన వచ్చినవాళ్లకి వివరాలు చెబుతున్నాడు. 1774 సెప్టెంబరు 5న మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే బ్రిటిష్ వలసల ప్రతినిధుల సభ, ఇక్కడే కూర్చుందనీ, గదిలో ఉన్న విండ్సర్ రకం చెక్క కుర్చీల్లో ఆనాటివి ఉన్నాయనీ మొదలుపెట్టాడు. నేను తెలుగులో చెబుతుంటే నాన్న అంతా విని, "కట్టిందెవరో అడుగు" అన్నాడు.

ఆ ప్రశ్నకి పెద్దాయన ముఖం వెలిగిపోయింది. కట్టింది రాబర్ట్ స్మిత్. 1722లో స్కాట్లాండ్‌లోని డాల్కీత్‌లో పుట్టి, పాతికేళ్ల వయసు దాటుతుండగా ఫిలడెల్ఫియా చేరాడు. వడ్రంగి మేస్త్రీ. ఆ రోజుల్లో ఇక్కడ ఆర్కిటెక్టు అని వేరే మనిషి లేడు. యజమానితో మాట్లాడి ప్లాను గీసేది, కలప తెప్పించేది, పనివాళ్లని పెట్టేది, కప్పు నిలబెట్టేది అంతా మేస్త్రీయే. ప్రిన్స్‌టన్‌లో కాలేజీ భవనం నస్సావ్ హాల్, ఇక్కడికి దగ్గర్లో క్రైస్ట్ చర్చి గోపురం, దక్షిణాన విలియమ్స్‌బర్గ్‌లో మానసిక రోగుల ఆసుపత్రికి ప్లాను, అన్నీ ఆయన చేతిలోవే. చదువుకున్న ఇంజినీరు అయ్యుంటాడని నేననుకున్నాను. నాన్నకి మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. "మేస్త్రీ అంటే అదే కదరా" అన్నాడు.

తర్వాత పెద్దాయన చెప్పిన సంగతి దగ్గరే మేం దాదాపు గంటసేపు ఆగిపోయాం. ఈ సంఘం 1724లో పుట్టింది. పని అయిపోయాక ఎంత ఇవ్వాలో ఇంటాయన చెప్పడు, కట్టినవాడూ చెప్పడు. సంఘం తరఫున వేరే మేస్త్రీలు వచ్చి కొలుస్తారు. ఏ పనికి ఎంతో సంఘం దగ్గర ధరల పుస్తకం ఉంది, దాని ప్రకారం లెక్క కడతారు. నేల చెక్కల పనికి లెక్క చదరంలో, అంటే వంద చదరపు అడుగుల చొప్పున. 1786లో ఆ పుస్తకం అచ్చు వేసుకున్నారు కానీ బయటివాళ్లకి చూపించకూడదని కట్టుబాటు. చూపిస్తే సంఘంలోంచి తీసేసేవాళ్లు. తర్వాత కాలంలో అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్ అంతటివాడు అడిగించినా ఇవ్వలేదట.

"చదరం లెక్కా?" అన్నాడు నాన్న. "మన లెక్కేరా అది." తర్వాత, "కొలిచేది మూడో మనిషా? ఇంకోసారి అడుగు" అన్నాడు. అడిగాను. మళ్లీ అడగమన్నాడు. మూడోసారి కూడా అడిగాను.

ఆయన ఎందుకు అడుగుతున్నాడో నాకు తెలుసు. 1996లో నేను ఎనిమిదో తరగతి. తెనాలిలో ఒకాయన రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటే నాన్న ఏడు నెలలు ద్వారబంధాలు, కిటికీలు, మెట్ల చేతికర్రా చేశాడు. చదరపు అడుక్కి ఇంత అని మాట. లెక్క రోజు ఇంటాయన తన మనిషిని పెట్టి కొలిపించాడు. టేపు రెండో చివర పట్టుకున్నది నేనే. అతను ద్వారబంధం బయటి అంచు నుంచి కాకుండా లోపలి అంచు నుంచి పట్టమన్నాడు. పట్టాను. ఒక్కో గుమ్మానికీ రెండు పక్కలా కర్ర మందం అంతా లెక్కలోంచి పోయింది. కిటికీలకీ అంతే. నాన్న చూస్తూ నిలబడ్డాడు, ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక కూడా నన్నేమీ అనలేదు. ఆ సంవత్సరం నా స్కూలు ఫీజు అమ్మ గాజుల మీద తెచ్చిన డబ్బుతో కట్టారు.

ఆ హాల్లో నిలబడి మా ఇద్దరం అదే తలుచుకుంటున్నామని నాకు తెలుస్తూనే ఉంది.

పెద్దాయన లోపలికి వెళ్లి ఆ ధరల పుస్తకం కొత్త అచ్చు కాపీ తెచ్చాడు. ఒక పేజీలో పైకప్పు బొమ్మ ఉంది. ఇంగ్లీషు అక్షరం రాని నాన్న ఆ పేజీ మీదకి వంగి ఒక్కొక్క గీతా వేలితో చూపించాడు. "ఇది దూలం. ఇది గుజ్జు కర్ర. ఇవి వాసాలు. ఈ ఏటవాలు కర్ర బరువుని పక్కకి తోస్తుంటే కింది దూలం లాగి పట్టుకుంటది, అందుకే నడుమ స్తంభం అక్కర్లేదు." నేను ఇంగ్లీషులో చెప్పబోతుంటే పెద్దాయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. ఆయనకి అర్థమైంది. రెండు చేతుల వేళ్లూ పైన ఇంటి కప్పులా ఆనించి, కింద మణికట్లు విడిపోతున్నట్టు చూపించాడు. నాన్న తల ఊపి ఆయన మణికట్లు రెండూ పట్టుకుని దగ్గరికి లాగాడు, దూలం పట్టుకున్నట్టు. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత పావుగంట నాతో ఎవరికీ పని పడలేదు.

వచ్చేముందు పెద్దాయన ఇంకో సంగతి చెప్పాడు. బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం వచ్చినప్పుడు స్మిత్ శత్రువుల ఓడలు రాకుండా ఊరి పక్కనున్న డెలావేర్ నదిలో అడ్డుకట్ట తయారుచేశాడట. పెద్ద పెద్ద దుంగలతో పెట్టెలు కట్టి, వాటిలో రాళ్లు నింపి నదిలో ముంచారు. వాటినుంచి ఇనప మొనల దూలాలు నీళ్ల కింద ఏటవాలుగా పొడుచుకొచ్చి ఉంటాయి. పైన వచ్చే ఓడ అడుగు చీలిపోవాలి. 1777 ఫిబ్రవరిలో స్మిత్ చనిపోయాడు. బ్రిటిష్ సైన్యం ఊళ్లోకి వచ్చింది ఆ సెప్టెంబరులో. "చివరిదాకా కర్రతోనే ఉన్నాడన్నమాట" అన్నాడు నాన్న.

అక్కణ్ణుంచి రెండో వీధిలోని క్రైస్ట్ చర్చికి నడిచాం. 196 అడుగుల గోపురం, 1754లో పూర్తయింది. దానికి డబ్బు కోసం లాటరీ వేశారు, వేయించినవాళ్లలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉన్నాడు. అమ్మ బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా తెరిచింది. నాన్న తినకుండా మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాడు. అంత ఎత్తుకి ఆ కర్రలు ఎలా ఎక్కించారో నన్ను అడిగాడు. నాకు తెలీదు. ఆయనే రెండు మూడు పద్ధతులు చెప్పుకున్నాడు, తాళ్లు ఎక్కడ కడతారో కూడా.

 

తిరుగు రైల్లో ప్రిన్స్‌టన్ జంక్షన్ వచ్చినప్పుడు, స్మిత్ కట్టిన నస్సావ్ హాల్ ఇక్కడికి దగ్గరేనని చెప్పాను. నాన్న కిటికీలోంచి చూశాడు. అక్కడ పార్కింగ్ లాటూ చెట్లూ తప్ప ఏమీ కనిపించవు. తర్వాత నన్ను పెన్ను అడిగి, హాల్లో ఇచ్చిన కాగితం వెనక ఆ పైకప్పు బొమ్మ గీశాడు. ప్రతి కర్ర పక్కనా తెలుగులో పేరు రాశాడు. గీస్తూ గీస్తూ తల ఎత్తకుండానే, "ఆ తెనాలి ఇంటి గుమ్మాలు ఇప్పటికీ బిగువుగానే ఉన్నయ్యిరా, మొన్న వచ్చేముందు చూసొచ్చా" అన్నాడు.

ఆ కాగితం ఇప్పుడు మా ఊళ్లో ఆయన పనిముట్ల పెట్టెలో, మూలమట్టం కింద ఉంది.