స్పిన్ కోటింగ్ దగ్గరే ఆగిపోకండి

ఆర్గానిక్ సోలార్ సెల్ (సిలికాన్ బదులు కార్బన్ పదార్థాలతో చేసేది) ఎఫిషియెన్సీ 19 శాతం దాటింది అని చదివి మా బెజవాడ ఎమ్మెస్సీ, ఎంటెక్ పిల్లలు తెగ సంబరపడుతుంటారు, పడాల్సిందే కూడా, 1986లో కొడాక్‌లో చింగ్ టాంగ్ అనే శాస్త్రవేత్త రెండు పొరల సెల్ చేసి చూపించినప్పుడు వచ్చింది 1 శాతం దగ్గర మరి. కానీ ఆ 19 వచ్చిన సెల్ సైజెంతో కూడా చూడండి. చాలావరకు చిటికెన వేలి గోరు కంటే చిన్నవి, స్పిన్ కోటింగ్‌తో చేసినవి.

మా అన్నయ్య కొడుకు మొన్న ఇదే అడిగాడు, "బాబాయ్, కాలేజీలో స్పిన్ కోటర్ ఉందిగా, ఇంకేం కావాలి?" అని. స్పిన్ కోటర్ మంచిదేరా, గాజు ముక్క మీద ఇంకు చుక్కలు వేసి నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిప్పితే చాలు, నున్నటి పొర వస్తుంది, స్పీడు నాలుగింతలు చేస్తే మందం దాదాపు సగమవుతుంది, చేయి త్వరగా తిరుగుతుంది. అయితే వేసిన ఇంకులో 90 శాతానికి పైగా అంచుల్లోంచి ఎగిరి గిన్నె గోడలకి పోతుంది. ఆ ఇంకులో కలిపే పీఎం6, వై6 లాంటి పదార్థాలు మిల్లీగ్రాముల లెక్కన కొనుక్కునే సరుకు, అలా పారబోస్తామా? పైగా మీటర్ల కొద్దీ ప్లాస్టిక్ రోల్‌ని గిర్రున తిప్పలేం కదా.

అసలు కిటుకు ఆరడంలో ఉంది. వెలుతురు పడగానే పుట్టే ఎక్సిటాన్ (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ కలిసి ఉండే జంట) ఓ 10 నానోమీటర్లు పోయేసరికి చచ్చిపోతుంది, అందుకే ఎలక్ట్రాన్ ఇచ్చే డోనర్‌నీ, పుచ్చుకునే యాక్సెప్టర్‌నీ ఒకదాంట్లో ఒకటి కలిపేసే పద్ధతి 1995లో వచ్చింది, బల్క్ హెటెరోజంక్షన్ అంటారు. ఆ రెండూ ఎంత సన్నగా విడిపడతాయి అనేది ఇంకు ఆరే ఆ కాసేపట్లో తేలిపోతుంది. స్పిన్‌లో తిరిగే గాలికి సెకన్లలో ఆరిపోతుంది, బ్లేడ్ కోటింగ్‌లో, అంటే సన్నటి సందు ఉంచి బ్లేడుతో ఇంకుని లాగి పరిచినప్పుడు, పొర దానంతటదే ఆరాలి, ఆలస్యమైతే లోపల గడ్డలు పెద్దవైపోతాయి. అదే ఇంకు, అదే 100 నానోమీటర్ల మందం, ఎఫిషియెన్సీ మాత్రం పడిపోతుంది! అందుకే బ్లేడు వెనకాలే నైట్రోజన్ ఊదడం, కింద ప్లేటు వేడి చేయడం.

బ్లేడులో ఇంకో తమాషా. కాస్త స్పీడుగా లాగేటప్పుడు స్పీడు పెంచేకొద్దీ పొర మందం అవుతుంది, మరీ నిదానంగా లాగితే లెక్క తిరగబడుతుంది, స్పీడు తగ్గించేకొద్దీ మందం పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ అంచు దగ్గరే ఆరిపోతూ పదార్థం పోగుపడుతుంది. ఈ రెండింటి మధ్యలో అతి పల్చటి పొర వచ్చే చోటు ఒకటుంటుంది, అదెక్కడో ముందు పట్టుకోండి.

సన్నటి చీలికలోంచి ఇంకుని ఫిల్మ్ మీదకి వదిలే స్లాట్ డైకి ఈ గొడవ తక్కువ, పంపు ఎంత ఇంకు పంపితే అంతా ఫిల్మ్ మీదకే. ఇంకు ఫ్లోని స్పీడు, వెడల్పులతో భాగిస్తే తడి మందం వచ్చేస్తుంది. మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల ఇంకు 5 మైక్రాన్ల తడి పొర వేస్తే ఆరాక 100 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఓ చుట్ట నుంచి ఇంకో చుట్టకి ఫిల్మ్ నడిపిస్తూ పూసే రోల్ టు రోల్‌కి నా ఓటు దీనికే. స్ప్రే, ఇంక్‌జెట్ కూడా ఉన్నాయి గానీ ఇంత పల్చటి పొర గీతలూ చుక్కలూ లేకుండా రావడం కష్టం.

ఇక మన ఊరి సంగతి. ఇంకులో వాడే ద్రావకం క్లోరోఫామ్ 61 డిగ్రీలకే మరుగుతుంది, అంత వేగంగా ఆరేటప్పుడు పొర పైభాగం చల్లబడిపోతుంది, వానాకాలంలో కృష్ణ ఒడ్డున గాల్లో ఉండే తేమకి సన్నటి నీటి బిందువులు దాని మీద పట్టేసి ఫిల్మ్ మసకగా, చిల్లులు చిల్లులుగా తయారవుతుంది. ఆటోనగర్‌లో లారీ బాడీలకి పెయింట్ కొట్టేవాళ్ళని అడగండి, ముసురు పట్టినప్పుడు త్వరగా ఆరే థిన్నర్ వాడితే పెయింట్ తెల్లబడిపోతుందని చెప్తారు, నిదానంగా ఆరేది కలుపుతారు. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే. కాబట్టి గ్లవ్ బాక్స్ (గాలి, తేమ చొరబడని పెట్టె) లేని ల్యాబుల్లో 144 డిగ్రీలకి మరిగే ఆర్థో జైలీన్‌తో మొదలెట్టడం మేలు, క్లోరిన్ లేదు కాబట్టి క్లోరిన్ ద్రావకాల బెడద కూడా తప్పుతుంది, అయినా ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. నిదానంగా ఆరుతుంది కదా అంటే ప్లేటు వేడి చేసుకోండి.

మా అన్నయ్య కొడుక్కీ ఇదే చెప్పా, ముందు బ్లేడుతో మొదలెట్టు, స్పీడు, ప్లేటు టెంపరేచర్ రాసుకునే నోట్‌బుక్‌లోనే పక్కన గది తేమ శాతం కూడా రాయి, జూలైలో వచ్చిన రిజల్టు జనవరిలో ఎందుకు రాలేదో వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు ముందు చూసేది ఆ కాలమ్‌నే.