కుట్లు పడ్డాక కైట్ ఎప్పుడు పట్టొచ్చు? గోదావరి తీరానికి సరిపోయే లెక్క

కుట్లు విప్పించుకోగానే గాయం మానిపోయిందనుకుని, పెద్ద గాలిపటం (కైట్) లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ళ మీద జారే కైట్‌సర్ఫింగ్ కోసం బోర్డు తీసుకుని అంతర్వేదికో ఓడలరేవుకో బయల్దేరే కుర్రాళ్ళ కోసం రాస్తున్నాను. కుట్లు విప్పారంటే చర్మం అంచులు అతుక్కున్నాయని అర్థం, అంతే. మామూలు చర్మం బలంతో పోలిస్తే ఆ అతుకుకి మొదటి వారం చివర ఉండేది సుమారు 5 శాతం లోపే. మూడు వారాలకి 20 శాతం దాకా, మూడు నెలలకి 80 శాతం దగ్గరికి వస్తుంది. పూర్తి బలం ఎప్పటికీ తిరిగి రాదు. ముఖం మీద కుట్లు 5 రోజులకి, తల మీద, చేతుల మీద 7 నుంచి 10 రోజులకి, కాళ్ళు, అరచేతులు, కీళ్ళ మీదవి 10 నుంచి 14 రోజులకి విప్పుతారు. షుగరు ఉన్నవాళ్ళకి ఇంకా ఆలస్యం. కరిగిపోయే కుట్లు వేస్తే విప్పే పని ఉండదు గానీ, దారం కరగకముందే దాని పట్టు సడలిపోతుంది. కాబట్టి దారం కనబడుతోంది కదా అని ధైర్యం తెచ్చుకోవద్దు.

కుట్లు ఉండగా మాత్రం నీళ్ళలోకి దిగనే కూడదు. ఈ విషయంలో నేను ఏ మినహాయింపూ ఒప్పుకోను. రెండు రోజులు దాటాక డాక్టరు సరేనంటే స్నానంలో నీళ్ళు పైనుంచి జారిపోతే ఫర్వాలేదు, నానడమే ప్రమాదం. వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరు వేసుకుంటే చాలదా అని అడుగుతారు. ఈదురు జల్లు, హార్నెస్ (కైట్‌ని తగిలించుకోవడానికి ఒంటికి కట్టుకునే పట్టీ) రాపిడి, ఇసుక కలిస్తే దాని అంచు ఇట్టే లేచిపోతుంది. లోపలికి చేరిన నీరు బయటికి పోదు, గాయం మురికి నీళ్ళలో నానుతూ ఉంటుంది.

పైగా మన తీరంలో నీళ్ళు వేరు. కైట్‌కి కావలసిన చదును నీళ్ళు దొరికేది ఎక్కువగా నదీ ముఖాల దగ్గర, ఇసుక మేటల వెనకే. అంతర్వేది దగ్గర వశిష్ఠ, ఓడలరేవు దగ్గర వైనతేయ సముద్రంలో కలిసే చోట్లలో నీరు వెచ్చగా, సగం ఉప్పగా ఉంటుంది. విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియాకి సరిగ్గా అలాంటి నీళ్ళే ఇష్టం. గాయంలోంచి లోపలికి వెళితే ఒక్క రోజులోనే కండని కుళ్ళబెట్టగలదు. కాలేయం జబ్బు, షుగరు ఉన్నవాళ్ళకి, మందు బాగా తాగేవాళ్ళకి అది ప్రాణాంతకం. దానికి తోడు రొయ్యల చెరువుల నీరు, వరిచేల మురుగు, ఊళ్ళ మురుగు అన్నీ డ్రెయిన్ల మీదుగా ఇక్కడికే చేరతాయి. వానాకాలంలో ధవళేశ్వరం గేట్లెత్తి ఎర్రనీరు దిగుతున్నప్పుడు ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం కూడా ఉంటుంది. ఆ నెలల్లో పచ్చి మచ్చ ఉన్నవాళ్ళు ఒడ్డునే ఉండాలి.

ఉప్పునీళ్ళు పుండుకి మంచిదని మన పెద్దవాళ్ళు అంటారు. వాళ్ళు చెప్పింది కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళ గురించి. నదీ ముఖంలో నీరు అది కాదు. అలాగే పప్పు తింటే చీము పడుతుందని చాలా ఇళ్ళలో కుట్లు ఉన్నన్నాళ్ళూ పప్పు, గుడ్డు, చేప మాన్పించేస్తారు. చర్మం అతకడానికి మాంసకృత్తులే కావాలి కాబట్టి, డాక్టరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప అవి మానొద్దు.

ఇక ఎన్నాళ్ళు ఆగాలన్నది గాయం ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. చేతి గాయం గురించి అందరూ తప్పుగా అంచనా వేస్తారు. కైట్ లాగే బరువులో ఎక్కువ భాగం చికెన్ లూప్ (హార్నెస్ హుక్‌కి తగిలించే ఉంగరం) ద్వారా హార్నెస్ మీద పడుతుంది, బార్‌ని (కైట్‌ని తిప్పే కడ్డీని) పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. కష్టమంతా ఆపద వచ్చినప్పుడే. కైట్ లాగుడుని వెంటనే వదిలించే క్విక్ రిలీజ్‌ని గట్టిగా ముందుకు తోయాలి. ఆ తర్వాత లీష్ (మనల్నీ కైట్‌నీ కలిపి ఉంచే భద్రతా తాడు) మీద వేలాడే కైట్ దాకా ఈది, 20 మీటర్లకి పైగా ఉన్న తాళ్ళని బార్‌కి ఎనిమిది ఆకారంలో చుట్టుకుంటూ పోవాలి. తడి తాడు పచ్చి మచ్చని కోసేస్తుంది. అందుకే ముందు ఒడ్డున పరీక్ష పెట్టుకోండి. హార్నెస్ వేసుకుని, చికెన్ లూప్‌ని స్నేహితుడి చేత గట్టిగా లాగించి, తడి చేత్తో, ఒక్కో చేత్తో విడివిడిగా రిలీజ్ కొట్టండి. గాయం ఉన్న చెయ్యి నొప్పితో ఒక్కసారి వెనక్కి తగ్గినా ఇంకా టైం రాలేదనే లెక్క. స్నాయువు (కండని ఎముకకి కలిపే టెండన్) తెగి కుట్టించుకున్నవాళ్ళు సుమారు 12 వారాలు ఆ చేతితో బరువు లాగకూడదు.

పొట్ట మీద, నడుం మీద మచ్చ ఉంటే నడుం హార్నెస్ హుక్ సరిగ్గా అక్కడే నొక్కుతుంది, పైకి జారి పక్కటెముకల కింద ఒరుసుకుంటుంది. సీట్ హార్నెస్ అయితే బరువు తుంటి మీదకి దిగుతుంది గానీ, దాని పట్టీలు గజ్జల్లోంచి వెళ్తాయి కనక హెర్నియా ఆపరేషన్ అయినవాళ్ళకి అదీ పనికిరాదు. పొట్ట ఆపరేషన్ ఏదైనా సరే, లోపలి పొరలకీ కుట్లుంటాయి. సర్జన్‌కి హార్నెస్ ఎలా లాగుతుందో చూపించి మరీ అడగండి. మోకాలి మీద, చీలమండ మీద గాయమైతే బోర్డు మీద నిలబడ్డంతసేపూ సాగుతూనే ఉంటుంది కాబట్టి, కుట్లు విప్పాక కనీసం నాలుగు వారాలైనా ఆగమంటాను.

మచ్చ మీద పక్కు పూర్తిగా రాలి, తడి ఊరడం ఆగి, నొక్కితే నొప్పి లేనప్పుడు మొదలెట్టొచ్చు. మొదట ఇసుక మీద 2 లేదా 3 చదరపు మీటర్ల ట్రైనర్ కైట్. మర్నాడు మచ్చ ఎర్రబడకపోతే నడుం లోతు నీళ్ళలో బాడీ డ్రాగ్, అంటే బోర్డు లేకుండా కైట్ లాగుతుంటే నీళ్ళలో సాగడం. ఆ తర్వాతే బోర్డు. 12 నుంచి 16 నాట్స్ (గంటకి సుమారు 22 నుంచి 30 కిలోమీటర్ల) గాలిలో, మామూలుగా వాడేదానికంటే ఒక సైజు చిన్న కైట్‌తో. అసలు గెంతులు వద్దు. గాలి ఒడ్డు వెంబడి పక్కనుంచి వీస్తుండాలి. ఒడ్డు నుంచి సముద్రంలోకి తోసే గాలికి దిగితే, చెయ్యి సరిగ్గా పనిచెయ్యనివాడు వెనక్కి రాలేడు. ఒడ్డు మీదకి నేరుగా వీచే గాలైతే సరుగుడు తోటల్లోకి విసిరేస్తుంది. నదీ ముఖం దగ్గర పోటు తీసి నీరు సముద్రంలోకి లాగుతున్న వేళ అసలు వద్దు. కాళ్ళకి బూట్లు తప్పనిసరి, గుల్లలూ సీసాపెంకులూ కొత్త గాయం తెచ్చిపెడతాయి. నొప్పి బిళ్ళ వేసుకుని దిగితే శరీరం చెప్పే హెచ్చరిక వినబడదు.

బయటికి రాగానే తాగే నీళ్ళతో, సబ్బుతో మచ్చ కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి. మురికి గాయమై, టీటీ వేయించుకుని ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోవాలి.

ఆ సాయంత్రం మచ్చ చుట్టూ ఎర్రబడితే పెన్నుతో గీత గీసి టైం రాయండి. ఎరుపు గీత దాటినా, పైకి కనబడేదానికంటే నొప్పి విపరీతంగా ఉన్నా, నల్లటి, ఊదారంగు బొబ్బలు లేచినా, గజ్జల్లోనో చంకలోనో బిళ్ళ కట్టి చలిజ్వరం వచ్చినా, ఊళ్ళో ఒక ఇంజెక్షన్ చేయించుకుని పొద్దున చూద్దాం అనుకోవద్దు. వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, నదీ ముఖంలో నీళ్ళు గాయానికి తగిలాయని మొదటి మాటగా చెప్పండి. దాన్ని బట్టే మందు మారుతుంది. అంతర్వేది నుంచి నరసాపురానికి దగ్గరి దారిలో వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు దాటాలి, ఆ సమయం కూడా లెక్కలో వేసుకోండి. వారం, రెండు వారాల తర్వాత జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే అప్పుడూ నీళ్ళలో దిగిన సంగతి దాచకండి, లెప్టో పరీక్ష అడగండి.