తలకు దెబ్బ, తెర మీద పడవ

సీటీ స్కాన్ నార్మల్ అని తేలాక మా ఇంట్లోవాళ్ళ లెక్కలో నా జబ్బు అయిపోయింది. అనంతపురంలో సాయంత్రం బ్యాంకు నుంచి వస్తుంటే కుక్క అడ్డం వచ్చి స్కూటీ జారింది. హెల్మెట్ ఉంది కాబట్టి తల పగల్లేదు. కాసేపు ఎక్కడున్నానో తెలియలేదట, అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగానట. వాంతులయ్యాయి. ఒక రాత్రి ఆస్పత్రిలో ఉంచుకుని, తలనొప్పి పెరిగినా, మళ్ళీ వాంతులైనా, మత్తుగా పడుకుండిపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే తీసుకురమ్మని చెప్పి పంపించేశారు. అవేవీ రాలేదు.

ఇలాంటి దెబ్బను కంకషన్ అంటారు. సీటీలో కనబడేవి రక్తస్రావం, ఎముక విరగడం, వాపు లాంటివి. మెదడు పనితీరు కొన్నాళ్ళు గాడి తప్పితే అది ఆ ఫిల్ములో పడదు. ఎక్కువమందికి కొద్ది వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. నాకు సర్దుకోలేదు.

తిరిగి డ్యూటీకి వెళ్ళినరోజు మొదట పట్టుకున్నది కౌంటింగ్ మిషన్ చప్పుడు. ఏళ్ళ తరబడి వింటున్న చప్పుడే. పక్క కౌంటర్లో కట్ట పెట్టి మిషన్ ఆన్ చేస్తే చాలు, ఇక్కడ నా కణతలు పట్టేసేవి. వోచర్ మీద అకౌంట్ నంబరు చూసి కీబోర్డు వైపు తల తిప్పేసరికి సగం అంకెలు పోయేవి. మళ్ళీ చూసేదాన్ని, మళ్ళీ పోయేవి. క్యూలో ముసలాయన "ఏం మేడం, సిస్టం స్లోనా?" అని అడిగితే అవునన్నాను. మధ్యాహ్నానికి ట్యూబ్‌లైట్ల కింద కళ్ళు మండేవి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ నిద్ర లేదు. అత్తమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. మా ఆయన మెత్తగానే అన్నాడు, "స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావేమో" అని. ఆ మాట తలనొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

న్యూరోఫీడ్‌బ్యాక్ అనే మాట నేను మొదట విన్నది హైదరాబాద్‌లో. మెదడు అలలను తెర మీద చూపిస్తూ, వాటిని మార్చుకోవడం నేర్పే పద్ధతి అది. మా పిన్ని కొడుకు ఒక సెంటర్‌కి తీసుకెళ్ళాడు. ఏసీ గది, గోడ మీద మెదడు బొమ్మ. తలకు టోపీ పెట్టి ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తు అలల రికార్డు, తీశారు, కాసేపటికి రంగురంగుల మ్యాప్ చేతిలో పెట్టారు. ఎర్రగా ఉన్నచోట ఒత్తిడి, నీలంగా ఉన్నచోట మందగింపు అన్నారు. డిప్రెషన్, మైగ్రేన్, పిల్లల చదువు, జ్ఞాపకశక్తి, అన్నిటికీ అదే మందు. సైడ్ ఎఫెక్టులు సున్నా అన్నారు. నలభై సెషన్ల ప్యాకేజీ, ముందే మొత్తం కడితే తగ్గింపు. ఇరవై ఏళ్ళుగా బ్యాంకులో ఉన్నదాన్ని, ఇన్సూరెన్సు టార్గెట్లు నేనూ మోశాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆలోచించుకుని చెప్తామని లేచి వచ్చాం.

మా అనంతపురం, హిందూపురం వైపు తల జబ్బు అంటే బెంగళూరు బస్సే. అక్కడి మెదడు, మనసు జబ్బుల పెద్దాస్పత్రి నిమ్హాన్స్ పేరు మా పల్లెల్లో కూడా తెలుసు. మా అక్క యలహంకలో ఉంటుంది కాబట్టి నాకు ఇంకా సులువు. అక్కడ చూపించుకున్న న్యూరాలజిస్టు స్కాన్ పక్కన పెట్టి ముందు మాత్రల స్ట్రిప్పులు అడిగాడు. మామూలు నొప్పి మాత్ర కూడా నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వేసుకుంటే ఆ మాత్రే తలనొప్పి తెచ్చిపెట్టవచ్చట. వాటిని తగ్గించాడు. రాత్రి పూట ఒక చిన్న మాత్ర, మెడకు ఫిజియోథెరపీ, ఒకే వేళకు పడుకోవడం, తలనొప్పి పెరగనంత మేరకు రోజూ నడక, ముందు సగం పూట డ్యూటీ. ఇవీ ఆయన రాసినవి. న్యూరోఫీడ్‌బ్యాక్ గురించి నేనే అడిగాను. "చేయించుకోండి, హాని తక్కువ. కానీ వీటికి బదులుగా కాదు, వీటితో పాటు" అన్నాడు. తలకు దెబ్బ తగిలినవాళ్ళ మీద నిమ్హాన్స్‌లోనే దీని గురించి పరిశోధనలు జరిగాయని, ఫలితాలు ఆశ కలిగించేలా ఉన్నా చిన్న చిన్న అధ్యయనాలని కూడా ఆయనే చెప్పాడు.

ఆయన పంపిన సైకాలజిస్టుది కోలారు వైపు. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. మొదటి రోజే, "తలకు నూనె పెట్టుకోకుండా రండి మేడం, పూలు కూడా వద్దు" అని ఫోన్ చేసి చెప్పింది. మాడు మీద చిన్నచోట వెంట్రుకలు పాయ తీసి, గరుకుగా ఉండే జెల్‌తో రుద్ది, తెల్లటి పేస్టు పెట్టి దాంట్లో బటన్ అంత లోహపు బిళ్ళ అద్దింది. రెండు చెవులకు రెండు క్లిప్పులు. అంతే. వైర్లు చూసి నా చేతులు చల్లబడ్డాయి. "కరెంటు పెడతారా?" అన్నాను.

"లోపలికి ఏమీ పోదు మేడం. స్టెతస్కోపు గుండెలోకి ఏమన్నా పంపుతుందా? ఇదీ అంతే, వింటుంది."

తర్వాత ఆమె చేసిన పని నాకు బాగా గుర్తుండిపోయింది. కంప్యూటర్ తెర మీద సన్నగా వణుకుతూ గీత పోతోంది. "కళ్ళు ఆర్పండి" అంది. ఆర్పగానే పెద్ద గుట్ట లేచింది. "పళ్ళు బిగించండి" అంది. గీతంతా నల్లగా పిచ్చిగీతలై తెర నిండిపోయింది. "ఇవి మెదడువి కావు, కండరాలవి. మెదడు నుంచి మాడు దాకా వచ్చే సంకేతం మహా అయితే కొన్ని పదుల మైక్రోవోల్టులు, అంటే వోల్టులో పది లక్షల వంతుల లెక్క. దవడ బిగిస్తే అది మునిగిపోతుంది. రంగుల మ్యాప్ ఎవరు చూపించినా, ఇవి తీసేసి చూపించారా అని అడగండి" అంది. హైదరాబాద్‌లో ఈఈజీ తీస్తున్నంతసేపూ నేను మా తమ్ముడితో మాట్లాడుతూనే ఉన్నాను.

ఇక అసలు పని. తెర మీద పడవ. మాడు నడినెత్తిన 12 నుంచి 15 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు అన్నిసార్లు ఆడే లయ పెరిగి, మందకొడిగా ఉండే తీటా అనే అలలు, బిగుసుకున్నప్పుడు వచ్చే వేగం అలలు తగ్గితే పడవ ముందుకు పోతుంది, గంట మోగుతుంది. లేకపోతే ఆగిపోతుంది. "నేనేం చెయ్యాలి?" అంటే, "అదే చెప్పలేను, మీకే దొరకాలి" అంటుంది. గట్టిగా ప్రయత్నించినంతసేపూ పడవ కదలదు. విసుగొచ్చి భుజాలు వదిలేసి, ఊపిరి నెమ్మదించి, చూపు అక్కడే ఉంచితే మెల్లగా సాగేది. సాగింది కదా అని సంతోషపడితే మళ్ళీ ఆగేది. మా అక్క కూతురు బయట కూర్చుని గంటలు వింటూ, "పిన్నీ, ఈరోజు నీ పడవ బాగా పోయింది" అనేది.

ఈ లయ కథ విచిత్రంగా ఉంటుంది. మనిషి మెదడు అలలను మొదట నమోదు చేసింది 1924లో, జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్. 1960ల్లో అమెరికాలో బ్యారీ స్టెర్మన్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లులకు ఆ 12-15 లయ వచ్చినప్పుడల్లా తిండి పెట్టి, దాన్ని కావాలని తెచ్చుకునేలా నేర్పాడు. ఆ తర్వాత వేరే పని మీద రాకెట్ ఇంధనం హైడ్రజీన్ విషప్రభావం చూడటానికి పిల్లులకు అది ఎక్కిస్తే, మామూలు పిల్లులకు ఫిట్స్ వచ్చేశాయి, ఈ నేర్చుకున్న పిల్లులు మాత్రం చాలాసేపు తట్టుకున్నాయి. అక్కడి నుంచి మూర్ఛ రోగుల మీదికి వచ్చి, 1972లో ఒక రోగి గురించి ప్రచురించారు. పిల్లికి ఇది పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు కదా, అందుకే ఈ కథ అందరికీ నచ్చుతుంది. నాకూ నచ్చింది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క అంత తేలిగ్గా లేదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు నిద్రలేమి ఉన్నవాళ్ళకు కొన్నాళ్ళు అసలు ట్రైనింగు, కొన్నాళ్ళు ఉత్తుత్తి ట్రైనింగు ఇచ్చి చూస్తే, రెండింటిలోనూ వాళ్ళు తాము మెరుగైనట్టే చెప్పారు. 2017లో అది ప్రచురించారు. అమెరికాలో ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని, కుదురుగా ఉండలేని సమస్య ఉన్న 144 మంది పిల్లల మీద, 7 నుంచి 10 ఏళ్ళ వాళ్ళ మీద, ఎవరికి ఏది ఇస్తున్నారో పిల్లలకూ తల్లిదండ్రులకూ తెలియకుండా చేసిన అధ్యయనంలో కూడా రెండు వైపులా ధ్యాస మెరుగుపడింది, అసలుకీ ఉత్తుత్తికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇవన్నీ నాకు చెప్పింది ఆ సైకాలజిస్టే, మూడో నాలుగో సారి పేస్టు తుడుస్తూ. తను అమ్మే సరుకు గురించి ఇలా చెప్పేవాళ్ళను నేను బ్యాంకింగులో చూడలేదు. "మరి నాకెందుకు చేస్తున్నారు?" అన్నాను. "మీరు బిగుసుకుని ఉన్నారు. వదలడం ఎలాగో మీకు కళ్ళకు కనబడుతోంది. అది పనికొస్తుంది. మీ మెదడు అల మారి తలనొప్పి తగ్గిందని మాత్రం నేను రాసివ్వను" అంది.

సైడ్ ఎఫెక్టులు సున్నా ఏమీ కాదు. మొదట్లో సెషన్ అయ్యాక నిద్ర ముంచుకొచ్చేది, ఒకసారి తలనొప్పి సాయంత్రం దాకా వదల్లేదు. యలహంక వెళ్ళే బస్సులో అద్దానికి తల ఆనించి కళ్ళు మూసుకుని కూర్చున్నాను, హారన్లకు ఏడుపొచ్చింది. ఆమెకు చెప్తే ట్రైనింగు సమయం తగ్గించి, మధ్యలో విరామాలు పెంచింది. ఇంకొకరికి చిరాకో, నిద్ర చెడటమో రావచ్చట. రుద్దినచోట మాడు ఎర్రబడి దురద పెట్టింది. పేస్టు వెంట్రుకల్లో ఎండిపోతే గోరువెచ్చటి నీళ్ళతో నానబెట్టి దువ్వెనతో లాగాల్సిందే. మా అక్క నా తల చూసి, "పెళ్ళిలో తలంబ్రాలు పోసినట్టుందే" అని నవ్వింది. మూర్ఛ ఉన్నవాళ్ళు ఇది మొదలుపెట్టాం కదా అని మందులు ఆపేస్తే ప్రాణాల మీదికి వస్తుంది, అది వేరే సంగతి. ఆ ప్రమాదం యంత్రంది కాదు, మాట చెప్పినవాళ్ళది.

మార్పు ఒకరోజు వచ్చిందని చెప్పలేను. మొదట నిద్ర కుదిరింది. రెండింటికి మెలకువ వచ్చినా పడవ ముందు కూర్చున్నట్టు భుజాలు వదిలేసి పడుకుంటే కొన్నిసార్లు పట్టేసేది. తర్వాత తలనొప్పి రోజులు తగ్గాయి. అంకెలు చివరికి వచ్చాయి. ఒక మధ్యాహ్నం పక్క కౌంటర్లో మిషన్ తిరుగుతూనే ఉందని, నేను ఆర్టీజీఎస్ ఫారం పూర్తి చేసేశానని తర్వాత గమనించాను. ఇందులో నిద్రది ఎంత, మాత్రలు తగ్గించడానిది ఎంత, మెడ వ్యాయామానిది ఎంత, కాలానిది ఎంత, పడవది ఎంత, విడదీయలేను. నా లెక్కలో నిద్రదే పెద్ద వాటా. పడవకు కూడా కొంత రాస్తాను, ఎందుకంటే "నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు" అన్న ఇంట్లో, నా తల నుంచి వచ్చే గీత తెర మీద కనబడటం నాకు గట్టి ఊరట. మా ఆయన ఒకసారి లోపలికి వచ్చి చూశాడు. పడవ ఆగినప్పుడల్లా నా నుదురు ముడిపడటం ఆయనే పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ మాట అనలేదు.

ఒప్పుకున్న సెషన్లు అయిపోయాక సైకాలజిస్టు తనే ఆపేసింది. ఇప్పుడూ మార్చి నెలాఖరు క్లోజింగ్ రోజుల్లో తల పట్టేస్తుంది.

మొన్న మా బ్రాంచి క్లర్కు తన కొడుకు గురించి అడిగింది. ఎనిమిదేళ్ళవాడు, ఒకచోట కూర్చోడు, బడిలో రోజూ కంప్లైంటు. ఎవరో న్యూరోఫీడ్‌బ్యాక్ ప్యాకేజీ చెప్పారట. "అక్కా, నీకు తగ్గింది కదా, చేయించమంటావా?" అంది. ముందు పిల్లల సైకియాట్రిస్టుకు చూపించి జబ్బేమిటో తేల్చుకోమన్నాను. ఇక ఆ సెంటర్ వాళ్ళను మూడు అడగమన్నాను: చేసేవాళ్ళు ఏం చదివారు, డాక్టరు మందులు రాస్తే ఆపమంటారా, పది సెషన్లకు మార్పు లేకపోతే మిగతా డబ్బు తిరిగిస్తారా. మర్నాడు ఫోన్ చేసిందట. మొదటి రెండిటికి వాళ్ళు చాలాసేపు మాట్లాడారట, మూడోదానికి మేనేజరుతో మాట్లాడి చెప్తామన్నారట. సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ శనివారానికి దొరికింది, లీవు లెటరు నా టేబుల్ మీదే రాసి వెళ్ళింది.