ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ఒక పొద్దు

ఎన్నాళ్ల నుంచో అనుకుంటూ, మొన్న ఆదివారం ముడుమాల్ పోయొచ్చాను. మన పాత పాలమూరు జిల్లానే, ఇప్పుడు నారాయణపేట. పక్కనే కృష్ణమ్మ.

చేన్ల నడుమ నిలువురాళ్లు. కొన్ని నాకు రెండింతల ఎత్తున్నాయి. మూడు వేల ఏళ్లకు పైబడినవంటారు. క్రేన్ లేదు, లారీ లేదు, ఎట్లా నిలబెట్టారో! సూర్యుడి రాకపోకలను బట్టి వాటిని పాతారని పరిశోధకులు చెప్తారు. ఒక బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి ఉన్నాయి, సప్తర్షి మండలం ఆకారంలో. గుంటలో వేలు పెట్టి చూశాను, అంచులు నున్నగా తగిలాయి. నాకు నోట మాట రాలేదు.

పత్తి చేనుకు పోతున్న ఒక అవ్వ ఆగి, "చెప్పులు ఇడువు బిడ్డా, తిమ్మప్ప ఉన్నడు" అన్నది. ఊరోళ్లకు ఇవి నిలురాళ్ల తిమ్మప్ప. ఆ భక్తే ఈ రాళ్లను ఇన్నాళ్లూ కాపాడిందని నా నమ్మకం.

గట్టు మీద ఒక పెంకు దొరికింది. బయట ఎరుపు, లోపల నలుపు. ఆ కాలపు కుండలు ఇట్లాగే ఉంటాయి. బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి వైపు నల్లబడుతుంది. ఏ తల్లి వండిన కుండో! మళ్లీ అక్కడే పెట్టేశాను.

2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో ముడుమాల్ పేరు చేరింది. పిల్లల్ని తీసుకుని మళ్లీ పోతాను, ఈసారి పొద్దు పొడవకముందే.