నీళ్లలోంచి నిప్పు మీదకి

కవర్‌లోంచి తీసిన చికెన్ బ్రెస్ట్‌ను చూడగానే మనసు చివుక్కుమంది. తెల్లగా పాలిపోయి ఉంది. రెండు గంటలు 63 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఉంచింది దీని కోసమా అనిపించింది.

టిష్యూతో తడంతా అద్దాను. సూ వీ (ఇలా గాలి లేకుండా కవర్‌లో మూసి, ఒకే వేడిలో ఉంచిన నీళ్లలో నిదానంగా ఉడికించడం) చేశాక ఈ పని అస్సలు వదిలేయకూడదు. పైన తడి ఉంటే నిప్పుల వేడంతా దాన్ని ఆవిరి చేయడానికే సరిపోతుంది, రంగు రాదు. గ్రిల్‌లో బొగ్గులు కణకణలాడుతున్నాయి. ఒక్కో వైపు ఒక్క నిమిషం, అంతే. చుర్రుమన్న ఆ చప్పుడు, గోధుమరంగు చారలు, ఆ వాసన!

కోసి చూస్తే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకేలా ఉడికింది. ఎక్కడా పీచు పీచుగా లేదు. కత్తి పెట్టగానే రసం ఊరింది.

ఇన్నేళ్లూ గ్రిల్ ముందు నిలబడి, పైన మాడుతోంది, లోపల ఉడికిందో లేదో అని ఎంత టెన్షన్ పడ్డానో! ఇవాళ పక్కనున్న వాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ వండాను.

పొగ రుచి మాత్రం పట్టలేదు. ఒక్క నిమిషంలో ఎలా పడుతుంది? వచ్చే ఆదివారం సూ వీ అయ్యాక కవర్‌తోనే ఐసు నీళ్లలో వేసి చల్లార్చి, అప్పుడు స్మోకర్‌లో పెడతాను. ముక్క చల్లగా ఉంటే పొగ బాగా పడుతుంది, పైగా లోపల ఎక్కువ ఉడికిపోతుందన్న భయం ఉండదు.

మీలో ఎవరైనా ముందు పొగ పెట్టి, తర్వాత నీళ్లలో వేసి చూశారా?