మా కారు పక్కన జాగిలం కూర్చున్న తరువాత

మేము అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ శివారులో ఉంటాము. మా అబ్బాయి అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో పదకొండో తరగతి. కిందటి అక్టోబరులో ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు బడి నుంచి నాకు ఫోను వచ్చింది. ఆవరణలో మత్తుపదార్థాల కోసం జాగిలాలతో తనిఖీ జరుగుతోందనీ, పార్కింగులో మా అబ్బాయి కారు దగ్గర కుక్క ఆగి కూర్చుందనీ, అందువల్ల కారును సోదా చేస్తున్నామనీ అసిస్టెంట్ ప్రిన్సిపల్ చెప్పారు.

నేను వెళ్ళేసరికి నాలుగు తలుపులూ తెరిచి ఉన్నాయి. వాడి పుస్తకాల సంచి, క్రికెట్ బూట్లు, టిష్యూల పెట్టె బానెట్ మీద వరుసగా పెట్టారు. మా వాడు చేతులు కట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. నన్ను చూసి "అమ్మా, నేనేమీ చేయలేదు" అన్నాడు, అంతకు మించి వాడి నోట మాట రాలేదు. స్కూల్ డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) పోలీసు అధికారి ఒకరు డ్రైవరు సీటు పక్క సందులోంచి ఏవో ఎండిన ఆకు తునకలను ట్వీజరుతో తీసి చిన్న ప్లాస్టిక్ కవరులో వేస్తున్నారు. నల్లబారిన గోధుమ రంగు, గోరంత ముక్కలు, ఒకదానికి నడిమి ఈనె స్పష్టంగా కనిపిస్తోంది. ప్రతి శనివారం మేము ఇండియన్ స్టోరు నుంచి కూరగాయలు తెచ్చుకునేది ఆ కారులోనే. అది కరివేపాకని నాకు చూడగానే తెలిసింది, ఆ మాటే చెప్పాను. ఆయన మర్యాదగానే విని, పరీక్షకు పంపిన తరువాత తెలుస్తుందన్నారు.

ఆ మధ్యాహ్నం నాకు కలిగిన భయం ఇక్కడి మనవాళ్ళకు విడమరిచి చెప్పనవసరం లేదు. మేము ఇంకా హెచ్-1బి ఉద్యోగ వీసా మీదనే ఉన్నాము. మత్తుపదార్థాల నేరం రుజువైతే వీసాకూ గ్రీన్ కార్డుకూ ఎంత ప్రమాదమో మా ఇంట్లో అందరికీ తెలుసు. గంజాయిని కొన్ని రాష్ట్రాలు అనుమతించినా, కేంద్ర చట్టం ప్రకారం అది నేరమే.

అసిస్టెంట్ ప్రిన్సిపల్ గదిలో నా ముందు ఒక కాగితం పెట్టి సంతకం చేయమన్నారు. అందులో "జాగిలం సంకేతం ఇచ్చింది, వాహనంలో అనుమానాస్పదమైన ఆకుల అవశేషం లభించింది" అని ఉంది. పరీక్ష ఫలితం వచ్చేవరకు పార్కింగ్ పర్మిట్ ఆపుతున్నట్టు కింద రాశారు. నేను సంతకం పెట్టలేదు. చదివి ఆలోచించుకుంటానని చెప్పి నకలు అడిగి తీసుకున్నాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే అనుకుంటాను. సోదాను కాదనడానికి మాకు ఎలాగూ వీలు లేదు, ఎందుకంటే ఆగస్టులో పర్మిట్ దరఖాస్తు మీద, కారు తనిఖీకి ఒప్పుకుంటున్నామన్న వాక్యం కింద, చదవకుండానే సంతకం పెట్టినది నేనే.

ఆ రాత్రి నుంచి ఈ తనిఖీల గురించి దొరికినదంతా చదివాను. కుక్కకు నేరం తెలియదు, వాసన ఒక్కటే తెలుసు. ఫలానా వాసన తగిలినప్పుడు కూర్చుంటే బంతి ఇస్తారని దానికి నేర్పుతారు, అది కూర్చుంటుంది. వస్తువు తీసేసిన తరువాత కూడా సీటు గుడ్డలోనో తలుపు పిడి మీదనో వాసన మిగిలి ఉండవచ్చు. 2013లో ఫ్లోరిడా కేసు ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ ట్రక్కు తలుపు పిడి దగ్గర కుక్క సంకేతం ఇచ్చింది, కాని పసిగట్టడానికి దానికి శిక్షణ ఇచ్చిన పదార్థాలేవీ ట్రక్కులో దొరకలేదు. మిగిలిపోయిన వాసనను అది పట్టి ఉండవచ్చునని న్యాయమూర్తులే రాశారు, అయినా శిక్షణ పొందిన కుక్క సంకేతం సాధారణంగా సోదాకు చాలునన్నారు. మా కారు రెండేళ్ళ క్రితం ఒకరి దగ్గర కొన్న పాత కొరోలా. మాకంటే ముందు అందులో ఎవరు కూర్చున్నారో, ఏం తాగారో మాకు తెలియదు. పైగా టెక్సస్‌లో 2019 నుంచి హెంప్ (మత్తు దాదాపు ఉండని గంజాయి జాతి మొక్క) చట్టబద్ధం, హెంప్ వాసనకూ గంజాయి వాసనకూ కుక్క తేడా కనిపెట్టలేదు.

బడులకు సంబంధించి మా ప్రాంతానికి వర్తించే తీర్పు 1982 నాటిది. హ్యూస్టన్‌కు తూర్పున ఉన్న గూస్ క్రీక్ స్కూల్ డిస్ట్రిక్టు మీద విద్యార్థులు వేసిన దావా అది. అక్కడ కుక్కల చేత పిల్లల ఒంటినే వాసన చూపించారు. వాసన పట్టిందని ఒక అమ్మాయి సంచీ వెతికితే చిన్న అత్తరు సీసా దొరికింది. లాకర్లనూ నిలిపిన కార్లనూ కుక్క వాసన చూడటం సోదా కిందికి రాదనీ, పిల్లల ఒంటిని వాసన చూడటం మాత్రం సోదాయేననీ అప్పీలు కోర్టు తేల్చింది. ఇప్పుడు మా బడిలో పిల్లలను వరండాలోకి పంపి, గదిలో వదిలిన సంచులను మాత్రమే కుక్కకు చూపిస్తారు. ఆ అమ్మాయి అవమానం తరువాతి పిల్లలకు ఇంతపాటి రక్షణ తెచ్చిపెట్టిందని చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఇదంతా చదివాక నా వాదన ఏమిటో నాకే స్పష్టమయింది. కుక్క తప్పు చేసిందని నేను అనను. అది వాసన పట్టింది, ఏ వాసనో ఎవరికీ తెలియదు. ఆ తరువాత దొరికిన కరివేపాకు, కుక్క కూర్చోకపోయి ఉంటే, చెత్త మాత్రమే. కుక్క కూర్చుంది కాబట్టి ఆకు అనుమానాస్పదమయింది, ఆకు దొరికింది కాబట్టి కుక్క చెప్పింది నిజమయింది. విడివిడిగా నిలబడలేని రెండు విషయాలను ఒక కాగితం మీద పక్కపక్కన రాసేసరికి అవి ఒకదానికొకటి సాక్ష్యంగా మారాయి.

మరునాడే ఈమెయిల్ పంపాను. విద్యార్థి రికార్డుల మీద తల్లిదండ్రులకు హక్కులిచ్చే ఫెర్పా అనే కేంద్ర చట్టం ఉంది. అడిగిన 45 రోజుల లోపల బడి ఆ రికార్డులను చూపించాలి. అందులో ఉన్నది తప్పనిపిస్తే సవరించమని కోరవచ్చు, కాదంటే విచారణ అడగవచ్చు, అప్పటికీ ఒప్పుకోకపోతే మన మాట రాసి ఫైలులో జత చేయించవచ్చు. బడి పోలీసు విభాగం తన పనికోసం రాసుకున్న కాగితాలు మాత్రం ఈ చట్టం కిందికి రావు. అందుచేత నేను ఆఫీసు రాసిన కాగితాన్నే పేరు పెట్టి అడిగాను. ఫోనులో చాలామంది సానుభూతిగా మాట్లాడారు కాని, ఈమెయిల్‌కు వచ్చిన జవాబులే చివరకు పనికొచ్చాయి.

పరీక్ష ఫలితం పదహారు రోజులకు వచ్చింది. అందులో మత్తుపదార్థం ఏదీ లేదు. పర్మిట్ తిరిగి ఇచ్చారు. ఫైలులోని వాక్యం మాత్రం అలాగే ఉందని ఆ తరువాతి వారం చూపించినప్పుడు తెలిసింది. సవరణ కోరుతూ రాశాను, రెండుసార్లు వెళ్ళి కూర్చున్నాను. "సంకేతం వచ్చినది నిజమే కదా, దాన్ని ఎలా తీసేస్తాము" అన్నారు అసిస్టెంట్ ప్రిన్సిపల్. ఆమె మాటలో న్యాయం ఉంది. తీసేయవద్దు, పూర్తిచేయండి అని కోరాను. చివరకు "అనుమానాస్పదమైన" అన్న మాట కొట్టేసి, ఆకు పరీక్షలో మత్తుపదార్థం లేదని తేలినట్టు, విద్యార్థి మీద ఏ చర్యా తీసుకోనట్టు చేర్చి తేదీ వేశారు. కారు మేము పాతది కొన్నామన్న సంగతి చేర్చడానికి ఒప్పుకోలేదు. దాన్ని నేనే మూడు వాక్యాలలో రాసి, కొనుగోలు కాగితం నకలుతో జత చేయించాను.

మా వాడు ఆ నెలంతా బస్సులోనే వెళ్ళాడు, పర్మిట్ వచ్చిన తరువాత కూడా రెండు వారాలు కారు తీయలేదు. ఇప్పుడు తీస్తున్నాడు. శనివారం సరుకులు దించగానే సీట్ల సందుల్లో వాక్యూమ్ పెడతాడు. కరివేపాకు కట్టను మాత్రం నేనే ఒడిలో పెట్టుకుని తెస్తున్నాను.