అమ్మ ఓటు ఏ గింజలో ఉంది?

2025 ఫిబ్రవరిలో మా పాప స్కూలు నుంచి ఒక కాగితం తెచ్చింది. టెక్సాస్‌లో ఏడో తరగతి పిల్లలకు ఆ రాష్ట్ర చరిత్రే పాఠం. ఆ కాగితంలో కొన్ని ఖాళీలు ఉన్నాయి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి నింపుకొని రమ్మన్నారు. గవర్నర్ ఎవరు? చెప్పాను. మీ ఏరియా స్టేట్ సెనేటర్ ఎవరు? స్టేట్ హౌస్‌లో మీ ప్రతినిధి, అంటే మన ఎమ్మెల్యే లాంటివారు, ఎవరు? నేను వంటింట్లో గిన్నెలు సర్దుతున్నట్టు నటించాను.

మా ఆయన సోఫాలో యూట్యూబ్ చూస్తున్నారు. నల్లగొండలో ఎవరో ఎవరినో తిట్టిన ప్రెస్‌మీట్. ఆయనది మిర్యాలగూడ. పాత నల్లగొండ జిల్లాలోని 12 నియోజకవర్గాల్లో ఎవరు గెలిచారో, ఎవరి చేతిలో ఎవరు ఓడారో నిద్రలో లేపి అడిగినా చెప్తారు. పాప వెళ్లి, "నాన్నా, టెక్సాస్ హౌస్‌లో మన డిస్ట్రిక్ట్ నంబర్ ఎంత?" అంది. ఫోన్ మీంచి కళ్లు తీయకుండానే "గూగుల్ చెయ్యమ్మా" అన్నారు.

అసలు సంగతి ఆయన కన్నా నాకే ఎక్కువ సిగ్గు. 2022లో నాకు అమెరికా పౌరసత్వం వచ్చింది. 2024 నవంబర్‌లో క్యూలో నిలబడి ఓటు కూడా వేశాను, "ఐ ఓటెడ్" స్టిక్కర్‌తో ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. కానీ నేను వేసింది పైన ఉన్న రెండు మూడు పేర్లకే. టెక్సాస్‌లో ఒక్క మీటతో పార్టీ మొత్తానికి ఓటేసే పద్ధతి 2020 నుంచి తీసేశారు, ఒక్కో పదవికి విడిగా నొక్కాలి. కిందికి వెళ్లేకొద్దీ ఎవరెవరో తెలియని పేర్లు. స్టేట్ హౌస్ దగ్గర ఏమీ నొక్కకుండా దాటేశాను. ఈ మాట పాపతో ఒకసారి నోరుజారి అన్నాను. పిల్లలు హోంవర్క్ మర్చిపోతారు గానీ ఇలాంటివి మర్చిపోరు.

మే చివర్లో పిల్లల్ని తీసుకుని కల్వకుర్తి వెళ్లాను. మా నాయిన రిటైర్డ్ టీచరు, డెబ్బై నాలుగేళ్లు. ఊళ్లో ఇప్పటికీ అందరూ సారూ అనే పిలుస్తారు. మేం వెళ్లిన నాలుగు రోజులకే జూన్ 2, తెలంగాణ అవతరణ దినోత్సవం వచ్చింది. ఎమ్మార్వో ఆఫీసు దగ్గర జెండా ఎగరేస్తుంటే చూసొచ్చి, ఈ రాష్ట్రం వయసు నాకంటే ఎంతో ఎక్కువ లేదే అని పాప ఆశ్చర్యపోయింది. 2014లో పుట్టిన రాష్ట్రం, 2012లో పుట్టిన పిల్ల. ఎక్కువ కాదమ్మా, నీకంటే చిన్నది అని సరిచేశాను. టెక్సాస్ శాసనసభ సమావేశాలు కూడా సరిగ్గా అదే రోజు ముగిశాయి. అక్కడ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, 140 రోజులే సభ. ఆ తర్వాత గవర్నర్ ప్రత్యేకంగా పిలిస్తే తప్ప ఎవరి పని వాళ్లది.

ఈ మాట వినగానే నాయిన చదువుతున్న పేపర్ మడిచి పక్కన పెట్టారు. "మరి జీతమెంత?"

"నెలకు 600 డాలర్లు. సభ నడిచే రోజుల్లో భత్యం వేరే ఇస్తారు."

నాయిన మనసులో లెక్క వేసుకున్నారు. యాభై వేల చిల్లర. "నా పింఛను గంత ఉంటది గదనే! మన ఎమ్మెల్యేకు అన్నీ కలిపితె రెండున్నర లక్షలు. మరి వాళ్లు బతికేదెట్ల?"

"లాయర్లు, వ్యాపారస్థులు ఉంటారు. రియల్ ఎస్టేట్ వాళ్లు కూడా."

"ఆ మాటకొస్తె మనోళ్లదీ రియల్ ఎస్టేటే" అన్నారు నాయిన.

ఆ సాయంత్రమే పాఠం మొదలైంది. అమ్మ చింతపండు కొట్టి గింజలు డబ్బాలో దాస్తుంది, పచ్చీసు ఆడుకోవడానికి. నాయిన డబ్బా తెప్పించి, తెలంగాణ శాసనసభలో సీటుకు ఒకటి చొప్పున 119 గింజలు లెక్కపెట్టమని పాపకు చెప్పారు. వసారాలో గచ్చు మీద కుప్పలు వేయించారు. 2023 డిసెంబర్ 3న లెక్క తేలినప్పుడు కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ 39, బీజేపీ 8, ఎంఐఎం 7, సీపీఐ ఒకే ఒక్కటి. ఆ ఒక్క గింజను చూసి మా చిన్నోడికి జాలేసింది, తీసుకెళ్లి పెద్ద కుప్ప పక్కన పెట్టాడు. "వాళ్ల పొత్తు అదే బిడ్డా, సరిగ్గ పెట్టినవ్" అన్నారు నాయిన.

తర్వాత రిజర్వుడు సీట్లు. ఎస్సీలకు 19, ఎస్టీలకు 12, మొత్తం 31. ఆ 31 గింజలను గుర్తు పట్టడానికి ఒక వైపు తెల్లగా అయ్యేదాకా అరుగురాయి మీద రుద్దమన్నారు. పిల్లలిద్దరూ అరగంట రుద్దారు. రుద్దితే గింజ నిప్పులా కాలుతుందని చిన్నోడికి అప్పుడే తెలిసింది, వెంటనే తీసుకెళ్లి అక్క చేతికి అంటించాడు. నేను, మా అన్న చేసిన పనే. అరుపులు, ఏడుపులు, అమ్మమ్మ కొబ్బరినూనె అయ్యాక పాఠం మళ్లీ మొదలైంది. మా పాలమూరు దిక్కు అచ్చంపేట, అలంపూర్ తెల్ల గింజలు. వాళ్ల నాన్న దిక్కు నకిరేకల్, తుంగతుర్తి, దేవరకొండ. టెక్సాస్‌లో ఇలాంటి సీట్లు లేవని పాప చెప్పింది. అక్కడి తగువంతా నియోజకవర్గాల సరిహద్దు గీతలు ఎలా గీస్తారన్న దాని మీదే.

"వీటిలో లేడీస్ ఎంతమంది?" అని అడిగింది పాప. మొత్తంలో 10. పాత మహబూబ్‌నగర్‌లో 14 సీట్లకు నారాయణపేట ఒక్కటి, పాత నల్లగొండలో 12కు కోదాడ ఒక్కటి. అమ్మా నాన్నల జిల్లాలు రెండూ కలిపితే 26లో రెండు. మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఇవ్వాలని 2023లో చట్టం చేశారు, అది అమలు కావాలంటే ముందు జనగణన జరగాలి, తర్వాత నియోజకవర్గాలు మళ్లీ విభజించాలి అని నాయిన వివరిస్తుంటే, లోపల కూరగాయలు తరుగుతున్న అమ్మ, "అప్పటిదాంక నేనుంటనో లేదో" అంది.

పాపకు అన్నిటికన్నా వింతగా అనిపించింది ముఖ్యమంత్రి సంగతి. టెక్సాస్‌లో గవర్నర్‌కు జనమే నేరుగా ఓటేస్తారు. ఇక్కడ సీఎంకు ఓటేసే చోటే లేదు. నాయిన 60 గింజలు ఒక పక్కకు జరిపి, "గివి ఎవరి దిక్కుంటె వాళ్లే" అన్నారు. మరి ఇక్కడి గవర్నర్? ఆయన్ని రాష్ట్రపతి నియమిస్తారు. ఒకే మాట, అక్కడ ఒక కుర్చీ, ఇక్కడ ఇంకో కుర్చీ. మా పిల్లల బుర్రల్లో ఇలాంటి మాటలు ఎన్ని ఉన్నాయో! ఫుట్‌బాల్ అన్నా ఇదే గొడవ.

ముఖ్యమంత్రి మాట వచ్చాక మా ఊరివాళ్లు 1989 చెప్పకుండా ఉండరు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉంటూ హిందూపురంతో పాటు కల్వకుర్తిలోనూ నిలబడ్డారు, ఇక్కడ చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. నాయినకు అప్పుడు పక్క మండలంలో పోలింగ్ డ్యూటీ. "అంతకు నాలుగేండ్ల ముందు కౌన్సిల్‌నే తీసేసిండు. టీచర్ల ఓటు పాయె" అన్నారు. ఆ కోపంతోనే ఊరు ఓడించినట్టు మాట్లాడతారు గానీ, అసలు కారణాలు వేరే ఉన్నాయని ఆయనకూ తెలుసు.

కౌన్సిల్ అంటే ఏంటని పాప అడిగింది. శాసనమండలి, అసెంబ్లీకి తోడుగా ఉండే రెండో సభ. దానికి పల్లికాయలు వచ్చాయి, 40. ఎమ్మెల్యేలు ఎన్నుకునేవి 14, ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు ఎన్నుకునేవి 14, పట్టభద్రులవి 3, టీచర్లవి 3, గవర్నర్ నామినేట్ చేసేవి 6. కౌన్సిల్ మళ్లీ వచ్చాక 2007లో నాయిన టీచర్‌గా ఓటేశారు. 2021లో పట్టభద్రుల ఎన్నికలో మా దిక్కు 93 మంది నిలబడ్డారు. "బ్యాలెట్ కాదు బిడ్డా, దుప్పటి" అని చేతులు చాపి చూపించారు. ఈలోగా నామినేటెడ్ ఆరుగురినీ చిన్నోడు వలుచుకుని తినేశాడు.

చివరికి వచ్చేసరికి చిక్కు వచ్చింది. గెలిచాక పార్టీ మారారంటూ పది మంది మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తున్న రోజులవి. ఆ పది గింజలు 39లో ఉంచాలా, 64లో వేయాలా? నాయిన వాటిని అరచేతిలో పట్టుకుని ఆలోచించారు. 1985 నుంచే పార్టీ ఫిరాయింపుల చట్టం ఉందని చెప్పారు. అమెరికాలో పార్టీ మారినా సీటు పోదని పాప చెప్పింది, సొంత పార్టీకి వ్యతిరేకంగా ఓటేసినా పోదంది. నాయిన నమ్మలేదు, నా మొహం చూశారు. నిజమే అన్నాను. గింజలు జేబులో వేసుకున్నారు. "కోర్టు చెప్పినంక ఏస్త" అన్నారు.

అప్పుడు అడిగింది పాప. "తాతా, అమ్మ ఓటు ఏ గింజలో ఉంది?"

నాయిన లేచి లోపలికి వెళ్లారు. బీరువాలోంచి పాత ఫైలు తెచ్చారు. అందులో పట్టా కాగితాలు, నా టెన్త్ మెమో, వాటి మధ్య ఓటరు జాబితా నుంచి పేరు తీసేయడానికి ఇచ్చే ఫారం 7 జిరాక్స్. నా పేరు, ఇంటి నంబరు, కారణం దగ్గర భారత పౌరసత్వం లేదని ఆయన గుండ్రని అక్షరాలతో రాసి ఉంది. 2023 ఎన్నికలకు ముందు ఓటరు జాబితా పని చూసే బీఎల్ఓ ఇంటికి వస్తే తనే నింపి ఇచ్చారట. నాకు చెప్పలేదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డుతో ఇక్కడ ఓటు లేదని నాకు తెలుసు. పేరు ఇంకా జాబితాలో ఉందన్న సంగతే మర్చిపోయాను.

"పౌరసత్వం మారినంక పేరు ఉంచుడు తప్పు గద" అన్నారు, నాకు సంజాయిషీ ఇస్తున్నట్టు. అమ్మ కూరగాయల కత్తి కింద పెట్టి బయటికి వచ్చింది. "ఆ కాగితమిచ్చి వచ్చి రెండ్రోజులు ఎవ్వరితోటి మాట్లాడలె మీ నాయిన" అంది.

పాప అంతా విని, "సో అమ్మకి ఇక్కడ ఓటు లేదు, అక్కడ ఓటు ఉంటే వేయలేదు" అంది. పిల్ల తెలుగు ఇంత బాగుపడిందని సంతోషించే పరిస్థితిలో నేను లేను. నాయిన ఏమీ అనలేదు. నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, ఏమీ అనకపోవడమే ఆయన అనడం.

జులైలో తిరిగి వచ్చాం. వచ్చాక ముందు మా డిస్ట్రిక్ట్ నంబర్ వెతికాను, స్టేట్ హౌస్‌లో మా ప్రతినిధి పేరు చూశాను, ఆఫీసు ఎక్కడుందో చూశాను. రోజూ సరుకులకు వెళ్లే దారిలోనే ఉంది. ఆరేళ్లుగా దాని ముందు నుంచే పోతున్నాను. పాపకు ఈ విషయం చెప్తే, ఫిబ్రవరిలోనే హోంవర్క్ ఇచ్చేశాను కదా అంది.

ఆగస్టు 3న పెద్ద గొడవ మొదలైంది. అమెరికా కాంగ్రెస్ సీట్ల గీతలు పదేళ్లు నిండకుండానే టెక్సాస్‌లో మళ్లీ గీస్తామన్నారు, గవర్నర్ ప్రత్యేకంగా సభను పిలిచారు. స్టేట్ హౌస్‌లో 150 మంది, 88 రిపబ్లికన్లు, 62 డెమోక్రాట్లు. సభ నడవాలంటే కనీసం 100 మంది ఉండాలి. ఆ 62 మందిలో 50 మందికి పైగా రాష్ట్రం దాటి వెళ్లిపోయారు, ఎక్కువ మంది ఇలినాయ్‌కి. రాకపోతే రోజుకు 500 డాలర్ల జరిమానా.

ఆదివారం వీడియో కాల్‌లో పాప తాతకు ఇదంతా చూపించాలనుకుంది. చింతగింజలు తెచ్చుకుందామంటే కస్టమ్స్ వాళ్లతో టెన్షన్ ఎందుకని నేనే వద్దన్నాను. శనగల డబ్బా ఖాళీ చేసి బల్ల మీద 150 లెక్కపెట్టింది. అందులోంచి 51 తీసి గిన్నెలో వేసి మూత పెట్టింది. "ఇప్పుడు ఎన్ని ఉన్నాయి తాతా?"

"తొంభై తొమ్మిది" అన్నారు నాయిన. ఒక్క క్షణం ఆగి పెద్దగా నవ్వారు. "క్యాంపు రాజకీయం! ఆడ గూడ ఉన్నదా? బస్సుల పోయిండ్రా?"

"విమానంలో" అంది పాప.

కానీ మన దగ్గర క్యాంపు అంటే మనవాళ్లు జారిపోకుండా దాచుకోవడం, అక్కడ సభ జరగకుండా పారిపోవడం, రెండూ ఒకటి కావు అని నాయినే మళ్లీ విడదీసి చెప్పారు. రెండు వారాల తర్వాత వాళ్లు తిరిగి వచ్చారు, కొత్త గీతలు సభలో నెగ్గాయి. అది వేరే కాల్‌లో మాట్లాడుకున్నారు. ఇప్పుడా చర్చల్లో మా ఆయన కూడా కూర్చుంటున్నారు, యూట్యూబ్ కట్టేసి కాదు, సౌండ్ తగ్గించి.

ఆ రోజు కాల్ పెట్టేసే ముందు నాయిన కళ్లద్దాలు సర్దుకుని, "ఆ శనగలల్ల మీది ఏది?" అన్నారు. పాప నా వైపు చూసింది. నేను 99లోంచి ఒకటి తీసి కెమెరా ముందు పెట్టి పేరు చెప్పాను.

"మంచిగుంటడా? పెండ్లికి పిలిస్తె వస్తడా?"

"తెలీదు తాతా" అంది పాప. "ఆఫీస్ దగ్గరే. అడిగి చెప్తా."